సూది ఎవరి చేతిలో ఉండాలి? గడ్చిరోలి పరిశోధనలు, ఆదివాసీ ప్రాంతాల ప్రాథమిక వైద్యం

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పరుచుకున్న, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా పేరు తెలుగు పత్రికల్లో ఎక్కువగా ఎదురుకాల్పుల వార్తల్లోనే కనిపిస్తుంది. ప్రజారోగ్య పరిశోధకులు మాత్రం ఆ పేరు వినగానే పసికందుల ప్రాణాలు నిలిపిన ఒక ప్రయోగాన్ని తలచుకుంటారు. ఐదు నుంచి పది తరగతుల వరకు చదివిన పల్లెటూరి స్త్రీలు, డాక్టరు దరిదాపుల్లో లేని ఊళ్లలో, పుట్టిన బిడ్డకు ఇంటి దగ్గరే వైద్యం చేసి, మూడేళ్లలో నవజాత శిశు మరణాలను సగానికి పైగా తగ్గించవచ్చని ఆ ప్రయోగం చూపింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు నడిపిన ఈ పరిశోధన 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. ఆ తరువాత పన్నెండేళ్లకు కేంద్ర ప్రభుత్వం దాన్ని దేశవ్యాప్త కార్యక్రమంగా స్వీకరించింది. అయితే స్వీకరించేటప్పుడు కొంత తీసుకుని కొంత వదిలేసింది. ఆదివాసీ ప్రాంతాల్లో ప్రాథమిక వైద్యం ఎక్కడ చిక్కుకుపోయిందో తెలుసుకోవాలంటే ఆ వదిలేసిన భాగాన్ని పరిశీలించడమే దగ్గరి దారి.

గడ్చిరోలి 1982లో చంద్రాపూర్ నుంచి విడిపోయి జిల్లా అయింది. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో షెడ్యూల్డ్ తెగలవారు 38 శాతానికి పైగా ఉన్నారు. గోండులు, మాడియా గోండులు అందులో ప్రధానం. దక్షిణ భాగంలో తెలుగు బాగానే వినిపిస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి వచ్చిన బంగ్ దంపతులు 1980ల మధ్యలో ఈ జిల్లాలో ‘సెర్చ్’ అనే సంస్థను ప్రారంభించారు. అంతకుముందే అభయ్ బంగ్ చేసిన ఒక పని వైద్యానికి దూరంగా కనిపించినా ఆయన పద్ధతిని బాగా పట్టిస్తుంది. మహారాష్ట్ర ఉపాధి హామీ పథకంలో కూలీ రోజువారీ వేతనాన్ని 4 రూపాయలుగా లెక్కగట్టిన ప్రభుత్వ సంఘం, కష్టజీవికి ఎన్ని కేలరీల తిండి కావాలన్న చోటనే తప్పు చేసిందని ఆయన అంకెలతో నిరూపించారు. సరిగ్గా లెక్కిస్తే 12 రూపాయలు రావాలని వాదించారు. వేతనం పెంచక తప్పలేదు. ధర్నాల కంటే ఒక పరిశోధనా పత్రం బలంగా పనిచేయగలదన్న నమ్మకం ఆయనకు అక్కడ కలిగిందనుకోవచ్చు.

గడ్చిరోలిలో మొదటి అడుగు మాత్రం తడబడింది. ఆ జిల్లా ఆదివాసుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు విస్తృతంగా ఉన్నట్టు బంగ్ దంపతులు కనుగొన్నారు. శాస్త్రపరంగా అది విలువైన సంగతే, ప్రభుత్వమూ స్పందించింది. జనం మాత్రం పట్టించుకోలేదు. మేము ఎప్పుడైనా మిమ్మల్ని దీని గురించి అడిగామా అన్నదే వారి మాటల సారాంశమని అభయ్ బంగ్ తరువాత పలు సందర్భాల్లో చెప్పుకున్నారు. ఆ జబ్బుకు అప్పట్లో చెప్పుకోదగ్గ చికిత్స లేదు. కాబట్టి ఆ పరిశోధన పరిశోధకుడి ఆసక్తిని తీర్చిందే గాని రోగికి ఒరగబెట్టింది లేదు. ఈ అనుభవం తరువాత సెర్చ్ పద్ధతి మారింది. ఆరోగ్య సభలు పెట్టి ఊళ్లవారిని ముందుగా అడగడం, వారు చెప్పిన సమస్యనే తీసుకుని అధ్యయనం చేయడం, ఫలితాన్ని తిరిగి వారి ముందే పెట్టడం ఒక క్రమంగా స్థిరపడ్డాయి.

ఆసుపత్రి విషయంలోనూ అదే జరిగింది. తెల్లటి గోడలు, తెల్లకోట్లు చూసి ఆదివాసులు జంకేవారు. శవానికి కప్పే బట్ట తెలుపు, ఆ రంగు వేసుకుని తిరిగేవారు ప్రాణం ఎలా పోస్తారన్నది వారి అనుమానం. రోగితో వచ్చిన బంధువులు ఎక్కడ ఉండాలి, ఎక్కడ వండుకోవాలి అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలు. చివరికి సెర్చ్ కేంద్రమైన శోధగ్రామ్ ఆవరణలోని ఆసుపత్రిని గుడిసెల వరుసగా, చుట్టాలు కూడా ఉండేలా కట్టారు. ఆ ప్రాంతపు దేవత దంతేశ్వరి పేరే దానికి పెట్టారు. దీన్ని కేవలం ఆదరణ కోసం చేసిన అలంకారంగా కొట్టిపారేయడం సులువు. కానీ ఆదివాసి ఆసుపత్రికి రాకపోవడాన్ని అజ్ఞానంగా లెక్కేసే అలవాటు వైద్య శాఖల్లో ఎంతగా పాతుకుపోయిందో తెలిసినవారికి, భవనం తీరు కూడా చికిత్సలో భాగమేనని ఒప్పుకోవడం చిన్న మార్పుగా తోచదు.

ఈ దశలోనే రాణీ బంగ్ చేసిన అధ్యయనం ఒకటి 1989లో లాన్సెట్‌లో వచ్చింది. రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించగా 92 శాతం మందిలో ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి బయటపడింది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు 8 శాతం మందే. ఆనాటి పల్లె వైద్య వ్యవస్థకు ఆడవాళ్లంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యం తప్ప మరొకటి కనిపించేది కాదు. వైట్ డిశ్చార్జి, కడుపులో నొప్పి, నెలసరి బాధలు ‘ఆడవాళ్లకు మామూలే’ అన్న మాట కింద సమాధి అయ్యేవి. ఆ మాటను అంకెలతో పగలగొట్టిన తొలి అధ్యయనాల్లో ఇది ఒకటి.

ఆ తరువాతిది పిల్లల నిమ్ము, అంటే న్యుమోనియా. చిన్నపిల్లల మరణాల్లో దానిది పెద్ద వాటా. చికిత్స తేలికే, నోటి ద్వారా ఇచ్చే చౌకైన యాంటీబయాటిక్ చాలు. చిక్కంతా మామూలు జలుబు, దగ్గుల నుంచి నిమ్మును వేరు చేసి సకాలంలో గుర్తించడంలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరించే పద్ధతి ప్రకారం నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు ఆడుతున్నదో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఆపై ఏడాది లోపు బిడ్డకు 50 దాటితే నిమ్ముగా అనుమానించాలి. అక్షరం రాని మంత్రసాని అరవై దాకా తప్పకుండా లెక్కపెట్టగలదా? చేతి గడియారంలో నిమిషం చూడగలదా?

దీనికి గడ్చిరోలిలో తయారైన పరికరం చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. ఒక చిన్న చట్రంలో నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం, దాని పక్కనే తీగకు గుచ్చిన పూసల వరుసలు రెండు. ఒక వరుస రెండు నెలల లోపు బిడ్డకు, రెండోది అంతకంటే పెద్ద పిల్లలకు. గడియారం తిప్పి, బిడ్డ పొట్ట కదలికను చూస్తూ పది వరకు లెక్కపెట్టాలి, ఒక పూస జరపాలి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఇసుక అయిపోకముందే వరుస చివరనున్న ఎర్రపూస జరపాల్సి వచ్చిందంటే నిమ్ము ఉన్నట్టే. అంతకు మించి చదువు అక్కర్లేదు. వైద్య పరిజ్ఞానాన్ని పల్లెకు అందించడం గురించి సభల్లో ఎన్ని మాటలు విన్నా, ఈ పూసల చట్రం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. రోగ నిర్ధారణలో నిజంగా అవసరమైన నైపుణ్యం ఎంత, దాని చుట్టూ పేరుకున్న హోదా ఎంత అన్నది ఇందులో విడివిడిగా తేలిపోతుంది.

1990లో వెలువడిన ఆ అధ్యయనంలో 58 గ్రామాల్లో ఈ పద్ధతిని అమలు చేశారు, 44 గ్రామాలను పోల్చిచూడటానికి ఉంచారు. ఏడాది తిరిగేసరికి అయిదేళ్ల లోపు పిల్లల్లో నిమ్ముతో మరణాలు పోలిక గ్రామాల్లో వెయ్యికి 17.5 ఉంటే, ప్రయోగ గ్రామాల్లో 8.1. నిమ్ము పట్టిన పిల్లల్లో చనిపోయినవారు పోలిక గ్రామాల్లో 13.5 శాతం, చికిత్స అందిన చోట 0.8 శాతం. మందు ఇచ్చినవారిలో మంత్రసానులూ ఉన్నారు.

నిమ్ము మరణాలు తగ్గాక మిగిలింది పుట్టిన మొదటి నెల. శిశు మరణాల్లో అధిక భాగం ఆ ఇరవై ఎనిమిది రోజుల్లోనే జరుగుతుంది. అప్పటి వైద్యశాస్త్రం నవజాత శిశువు జబ్బు పడితే ఆసుపత్రిలో చేర్చడమే మార్గమనేది. గడ్చిరోలి పల్లెల్లో అది ఎంతవరకు సాధ్యమో చూడటానికి సెర్చ్ ముందు ఒక ఏడాదిపాటు గమనించింది. 1995-96లో 763 మంది నవజాత శిశువులను ఇళ్ల దగ్గరే పరిశీలించారు. 95 శాతం కాన్పులు ఇంట్లోనే జరిగాయి. 42 శాతం మంది తక్కువ బరువుతో పుట్టారు. వైద్యం అవసరమైన స్థితికి చేరినవారు 54.4 శాతం, డాక్టరు చూసినవారు 2.6 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే తరువాతి ప్రయోగానికి కారణం. బాలింతను, బిడ్డను బయటికి కదిలించకూడదన్న ఆచారం, వాహనం లేకపోవడం, డబ్బు లేకపోవడం, ‘పుట్టిన బిడ్డ దక్కితే దక్కుతుంది’ అన్న నిరాశ అన్నీ కలిసి ఆ దూరాన్ని ఏర్పరిచాయి.

39 గ్రామాలను ఎంచుకుని ఊరికొక స్త్రీకి శిక్షణ ఇచ్చారు. వీరిని ఆరోగ్యదూతలు అన్నారు. కాన్పు సమయంలో మంత్రసానితో పాటు ఉండటం, ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, మొదటి గంటలోనే తల్లిపాలు పట్టించడం, నెల రోజుల పాటు ఇంటికి వెళ్లి చూస్తూ ఉండటం వారి పని. అన్నింటికంటే కష్టమైనది ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్‌ను, అంటే సెప్సిస్‌ను పట్టుకోవడం. రక్తపరీక్ష లేని చోట ఏడు గుర్తుల జాబితా తయారైంది. బాగా ఏడ్చిన బిడ్డ ఏడుపు నీరసించడం లేదా ఆగిపోవడం, పాలు చప్పరించడం తగ్గడం, కాళ్లూ చేతులూ వాలిపోవడం, వాంతులు లేదా పొట్ట ఉబ్బడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం, డొక్కలు ఎగరేయడం, బొడ్డు దగ్గరో చర్మం మీదో చీము. వీటిలో ఏ రెండు ఒకేసారి కనిపించినా ఆరోగ్యదూత ముందు ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాలి. ఇంటివారు వెళ్లలేమంటే, వారి అంగీకారంతో, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది తానే వేయాలి, నోటి మందు కూడా ఇవ్వాలి.

ఈ చివరి వాక్యమే వైద్య లోకంలో దుమారం రేపింది. డిగ్రీ లేని స్త్రీ రోజుల బిడ్డకు సూది వేయడమా అన్నది అభ్యంతరం. మోతాదు మించితే జెంటామైసిన్ మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీయగలదు గనుక ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. దానికి గడ్చిరోలి ఇచ్చిన జవాబు పర్యవేక్షణ. రెండు వారాలకొకసారి పర్యవేక్షకులు వచ్చి రాతలు సరిచూసేవారు, పుట్టుకలను, చావులను ఆరోగ్యదూతలతో సంబంధం లేని మరో వ్యవస్థ విడిగా నమోదు చేసేది. ఫలితాలు ఇలా వచ్చాయి: మూడో ఏడాదికి నవజాత శిశు మరణాల రేటు ప్రయోగ గ్రామాల్లో వెయ్యికి 25.5, 47 పోలిక గ్రామాల్లో 59.6. నికరంగా తగ్గుదల 62 శాతం. సెప్సిస్ వచ్చిన బిడ్డల్లో మరణించేవారు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి పడిపోయారు. ఒక్కో శిశువుకు అయిన ఖర్చు 5.3 డాలర్లు.

ఈ అంకెలు చూసి ఉప్పొంగిపోయే ముందు కొన్ని సంగతులు గమనించాలి. గ్రామాలను లాటరీ పద్ధతిలో విడదీయలేదు, అప్పటికే సెర్చ్ ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఊళ్లే ప్రయోగ గ్రామాలయ్యాయి. వాటి ప్రజలందరూ ఆదివాసులు కారు. పైగా ఈ మార్పు అంతా సూది మహిమ కాదని సెర్చ్ స్వయంగా చేసిన విశ్లేషణే చెబుతోంది. తగ్గిన మరణాల్లో సెప్సిస్ చికిత్స వాటా 36 శాతం, తక్కువ బరువు బిడ్డల సంరక్షణ వాటా 34, ఊపిరాడని బిడ్డల సంరక్షణ వాటా 19 అని అందులో తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ జిల్లా శివగఢ్‌లో 2008లో వెలువడిన మరో ప్రయోగంలో ఏ యాంటీబయాటిక్ లేకుండానే, బిడ్డను తల్లి గుండెకు హత్తుకుని వెచ్చగా ఉంచడం వంటి అలవాట్లు మార్చడం ద్వారానే నవజాత శిశు మరణాలు 54 శాతం తగ్గాయి. అదే ఏడాది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన ఫలితాల్లో, ఇంటి సంరక్షణతో పాటు ఆసుపత్రికి వెళ్లని బిడ్డలకు సూది మందు కూడా ఇచ్చిన చోట తగ్గుదల 34 శాతం. శివగఢ్, సిల్హెట్ పరిశోధనలు రెండూ లాటరీ పద్ధతిలో జరిగాయి కాబట్టి సాక్ష్యంగా వాటికి బరువెక్కువ. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంటికి వెళ్లే మనిషి ఉండటం, ఆమెకు నిర్ణయం తీసుకునే అధికారం ఉండటం, ఆమె వెనుక నిలబడే వ్యవస్థ ఉండటం అన్న మూడు అంశాలే అన్నిచోట్లా కనిపిస్తాయి. సూది ఆ అధికారానికి గుర్తు.

అధికారం దగ్గరే ప్రభుత్వం వెనకాడింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి నవజాత శిశువుల కోసం ఇంటి సందర్శనలను సిఫారసు చేశాయి. 2011లో కేంద్రం ఇంటివద్దే నవజాత శిశు సంరక్షణ కార్యక్రమాన్ని ఆశాలకు అప్పగించింది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరు సందర్శనలు, ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు. అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయల ప్రోత్సాహకం. తూనిక, థర్మామీటర్, గడియారం, దుప్పటి ఆశా సంచిలో చేరాయి. సూది చేరలేదు. 2014లో వచ్చిన మార్గదర్శకాలు ఆసుపత్రికి పంపడం సాధ్యం కాని పరిస్థితుల్లో ఉపకేంద్రంలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం జెంటామైసిన్ ఇవ్వవచ్చని అనుమతించాయి. అంటే సూది డాక్టరు చేతి నుంచి ఏఎన్ఎం చేతి దాకా దిగింది గాని ఊళ్లోనే ఉండే మనిషి దాకా రాలేదు.

ఈ జాగ్రత్తకు ప్రభుత్వం వైపు నుంచి ఒక న్యాయమైన కారణం ఉంది. 39 మంది ఆరోగ్యదూతలకు రెండు వారాలకొకసారి పర్యవేక్షణ ఇవ్వడం వేరు, దేశమంతటా లక్షలాది ఆశాలకు ఇవ్వడం వేరు. పర్యవేక్షణ లేని సూది ప్రమాదమే. కానీ ఆ తర్కం నిజంగా చెప్పేది పర్యవేక్షణ మీద డబ్బు పెట్టమని. జరిగింది మరొకటి. సూదిని తీసేశారు, పర్యవేక్షణనూ బలపరచలేదు. మిగిలింది సందర్శనల పట్టిక. మూడో రోజు, ఏడో రోజు అన్న గళ్లు నిండుతాయి. బిడ్డ ఏడుపు నీరసించిందని గుర్తించిన ఆశా చేయగలిగింది 108కు ఫోన్ చేయడం. సిగ్నల్ ఉంటే.

దేశవ్యాప్తంగా చూస్తే ఈ లోటు అంతగా కనబడకపోవడానికి కారణం కాన్పులు ఆసుపత్రికి మారడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో 38.7 శాతం ఉన్న ఆసుపత్రి కాన్పులు 2019-21 నాటికి 88.6 శాతానికి చేరాయి. జననీ సురక్ష యోజన, ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులు వచ్చాయి. 2020 నాటికి దేశంలో నవజాత శిశు మరణాల రేటు వెయ్యికి 20కి దిగింది. ఇక ఇంటివద్ద వైద్యం కాలం చెల్లిన ఆలోచన కాదా అని అడగవచ్చు. కానీ కాన్పు తరువాత తల్లీబిడ్డలు ఆసుపత్రిలో ఉండేది మహా అయితే రెండు మూడు రోజులు, సెప్సిస్ ముప్పు నెలంతా ఉంటుంది. ఆసుపత్రి కాన్పు మొదటి రోజు ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పదో రోజు గూడెంలో బిడ్డ ఒళ్లు చల్లబడితే దానికి ఆ కాన్పు జవాబు కాదు. అదే సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల మరణాల రేటు దేశ సగటు 41.9 ఉంటే షెడ్యూల్డ్ తెగల్లో 50.3.

ఈ వ్యత్యాసాన్ని పూర్తిగా తవ్వి చూసిన నివేదిక 2018లో వచ్చింది. ఆరోగ్య, గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖలు కలిసి 2013లో వేసిన నిపుణుల సంఘానికి అభయ్ బంగ్ అధ్యక్షులు. స్వతంత్ర భారతంలో ఆదివాసుల ఆరోగ్యం మీద ఇంత సమగ్రమైన పత్రం అంతకుముందు లేకపోవడమే ఆశ్చర్యం. 10.4 కోట్ల మంది, దేశ జనాభాలో 8.6 శాతం, వీరి ఆరోగ్య వివరాలు విడిగా ఎక్కడా సరిగా దొరకవన్నది సంఘానికి ఎదురైన మొదటి ఇబ్బంది. దొరికినంతలో తేలినవి: ఆయుర్దాయం ఇతరులకు 67 ఏళ్లయితే వీరికి 63.9, క్షయ లక్ష మందికి 256కు బదులు 703, మలేరియా కేసుల్లో 30 శాతం, మలేరియా మరణాల్లో సగం వీరివే, 86 జననాల్లో ఒకటి సికిల్ సెల్ జబ్బుతో. మగవారిలో పొగాకు వాడేవారు 72 శాతం, మద్యం తాగేవారు 50 శాతం. ఇతరుల్లో ఇవి 56, 30.

సంఘం సిఫారసుల్లో అందరి దృష్టినీ ఆకర్షించాల్సినది, అంతగా చర్చకు రానిది డబ్బు పంపకం. ఆదివాసీ ఆరోగ్య నిధుల్లో 70 శాతం ప్రాథమిక వైద్యానికే వెళ్లాలని నివేదిక కోరింది. ఆదివాసుల ప్రాతినిధ్యంతో గిరిజన ఆరోగ్య మండళ్లు, కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ విడిగా డైరెక్టరేట్‌లు ఉండాలంది. సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేస్తే శిలాఫలకం మిగులుతుంది. గూడేనికి ఒక ఆరోగ్యదూతను నియమించి పదేళ్లు పర్యవేక్షిస్తే ఫొటోకు కూడా ఏమీ ఉండదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా మొదటిదాని వైపే మొగ్గడానికి ఇంతకంటే లోతైన కారణం వెతకనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల ఏజెన్సీకి ఈ చర్చ పరాయిది కాదు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ఐటీడీఏల పరిధిలో వర్షాకాలం వస్తే డోలీ మోత వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో ఏజెన్సీకి బైక్ అంబులెన్సులు తెచ్చింది. కాన్పుకు ముందే గర్భిణులను కొండ దింపి వసతి గృహాల్లో ఉంచే ఏర్పాటూ కొన్నిచోట్ల ఉంది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. అయితే ఇవన్నీ రోగిని వైద్యం దగ్గరికి చేర్చే ఏర్పాట్లు. గడ్చిరోలి ప్రశ్న దీనికి ఎదురు దిశలోది. వైద్యంలో ఎంత భాగాన్ని రోగి దగ్గరికి చేర్చగలం? ప్రమాణాల ప్రకారం మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉంటే ఏజెన్సీలో 20 వేల మందికి ఒకటి, ఉపకేంద్రం 5 వేలకు బదులు 3 వేలకు ఒకటి. సడలింపు ఇచ్చినట్టే కనిపిస్తుంది. కానీ కొండల మీద 3 వేల జనాభా అంటే ఒక ఊరు కాదు, గెడ్డలూ వాగులూ దాటి చెదిరిన డజన్ల కొద్దీ గూడేలు. జనాభా లెక్క దూరాన్ని పట్టుకోదు. సూది వేయడానికి అనుమతి ఉన్న ఏఎన్ఎం ఉండేది ఆ ఉపకేంద్రంలో, బిడ్డ ఉండేది వాగు అవతల.

ఇంతలో జబ్బుల తీరూ మారుతోంది. గడ్చిరోలిలోనే 86 గ్రామాల్లో 2011-13 మధ్య జరిగిన మరణాలను పరిశీలిస్తే అన్నిటికంటే ఎక్కువమందిని, 14.3 శాతం మందిని, పక్షవాతం పొట్టనపెట్టుకున్నట్టు తేలింది. బీపీ నగరవాసుల జబ్బు అన్న నమ్మకం అడవిలోనూ చెల్లలేదు. ఆ జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దాని కోసం జరిగిన ప్రజా ఉద్యమంలో సెర్చ్ పాత్ర పెద్దది. అయినా సారా, పొగాకు వాడకాలను తగ్గించడానికి 2016లో ‘ముక్తిపథ్’ పేరుతో మళ్లీ ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది. నిమ్ము, సెప్సిస్‌ల చికిత్స కొన్ని రోజులతో అయిపోతుంది. బీపీ మాత్ర జీవితాంతం నడవాలి. ప్రతి నెలా ఎవరో చూడాలి, మందు అయిపోకుండా అందించాలి. పక్షవాతం రాకముందు బీపీకి లక్షణాలు కనబడవు కాబట్టి జనం తమంతట తాము అడిగే సమస్యా కాదది. ముందు జనాన్ని అడగాలన్న సెర్చ్ సూత్రానికి ఇది గట్టి పరీక్ష. సికిల్ సెల్ నాడు ఎదురైన ప్రశ్నే మరో రూపంలో వచ్చింది. ఈసారి తేడా ఏమిటంటే చౌకైన, పనిచేసే మాత్ర చేతిలో ఉంది.

సికిల్ సెల్ విషయానికి వస్తే, 2023 జూలైలో కేంద్రం దాని నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 2047 లక్ష్యంగా, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది ప్రణాళిక. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అందులో ఉన్నాయి. 1980ల కంటే పరిస్థితి మెరుగే. హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పి దాడులను బాగా తగ్గిస్తుంది. కానీ ఆ మాత్ర వాడేవారికి క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతికిచ్చి పంపిన బిడ్డకు ఆ మాత్రను, ఆ పరీక్షను ప్రతి నెలా గూడెంలో ఎవరు అందిస్తారన్నది ఏజెన్సీ జిల్లాల్లో పరీక్షల సంఖ్య కంటే ముందు తేల్చుకోవలసిన విషయం. ఏఎన్ఎం పోస్టులు, ఆశా పారితోషికం, పర్యవేక్షకుల ప్రయాణ ఖర్చు వంటి చిన్న పద్దుల్లోనే దానికి జవాబు దొరుకుతుంది.